మీ ఇల్లు కట్టే పనిలో మీ చెయ్యి ఎక్కడ పెట్టాలి?

అందరికీ నమస్కారం.

ఇల్లు కట్టబోతున్నవాళ్ళూ, మొదలుపెట్టి సగంలో ఉన్నవాళ్ళూ ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను. లేబర్ ఖర్చు లెక్క వేయగానే ఎవరికైనా వచ్చే ఆలోచన ఒకటే: ఇందులో కొన్ని పనులు మనమే చేసుకుంటే పోదా? మంచి ఆలోచనే. కానీ చాలామంది ఏ పనికి కూలి ఎక్కువో చూసి ఆ పనినే చేతిలోకి తీసుకుంటారు. అక్కడే దెబ్బ తింటారు. నేను వాడే కొలత వేరు. ఆ పనిలో తప్పు జరిగితే కంటికి కనబడుతుందా? కనబడితే దాన్ని తీసేసి మళ్ళీ చేసుకోగలమా? రెండిటికీ అవునంటే ఆ పని మీరు చేసుకోవచ్చు.

గోడకి రంగు వేశారు, చారలు పడ్డాయనుకోండి. వెంటనే కనబడుతుంది. ఉప్పు కాగితంతో రుద్ది ఇంకో కోటు వేస్తే సరిపోతుంది. అదే స్లాబులో కడ్డీ కిందికి జారి సెంట్రింగ్‌కి, అంటే కాంక్రీటు పోయడానికి కింద పరిచే పలకలకి, ఆనిపోయిందనుకోండి. కాంక్రీటు పోశాక అది ఎవరికీ కనబడదు. తేమ చేరి, కడ్డీ తుప్పు పట్టి ఉబ్బి, కొన్నేళ్ళకి పెచ్చులు ఊడి మీద పడేటప్పుడు తెలుస్తుంది. అందుకే పునాది, కాలమ్‌లు, బీములు, స్లాబు, కరెంటు వైరింగు, గ్యాస్ లైను పని తెలిసినవాళ్ళకే వదిలేయండి. వాటిలో కూలి మిగుల్చుకోవాలని చూడొద్దని గట్టిగానే చెబుతున్నాను.

అలాగని అక్కడ మీకు పని లేదనుకోకండి. నా లెక్కలో ఎక్కువ డబ్బు మిగిలేది అక్కడే. కాకపోతే మీ చేతిలో ఉండాల్సింది తాపీ కాదు, టేపు.

స్టీలు సంగతి చూడండి. కడ్డీ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. 12 మిల్లీమీటర్ల కడ్డీ అయితే 144ని 162తో భాగించాలి. మీటరుకి 0.89 కిలో, 12 మీటర్ల కడ్డీకి సుమారు 10.7 కిలోలు. లోడు రాగానే కడ్డీలు లెక్కపెట్టి, బిల్లులో రాసిన బరువుతో పోల్చండి. కొద్దిపాటి తేడా మామూలే. పెద్ద తేడా వస్తే లోడు దింపుకునే ముందే అడగాలి.

గోడలు లేస్తున్నప్పుడు రోజూ సాయంత్రం తూకం గుండు (దారానికి వేలాడే గుండు) పెట్టి గోడ నిటారుగా ఉందో లేదో చూడండి. ఎందుకో లెక్కలో చెబుతాను. వంద చదరపు మీటర్ల గోడకి 12 మిల్లీమీటర్ల మందాన ప్లాస్టరింగ్ చేస్తే 1.2 ఘనపు మీటర్ల మాలు పడుతుంది. గోడ వంకర పోయి, దాన్ని సర్దడానికి సగటున 20 మిల్లీమీటర్లు వేయాల్సి వస్తే 2 ఘనపు మీటర్లు. అంటే సిమెంటు, ఇసుక మూడింట రెండు వంతులు అదనం. ఆ వంకర ఇటుకల దశలో, మాలు పచ్చిగా ఉండగా చూస్తే పది నిమిషాల్లో సరిచేయొచ్చు. గోడలు ఎక్కడ రావాలో నేల మీద గీసే మార్కింగ్ కూడా అంతే. ఒక మూల నుంచి ఒకవైపు 3 మీటర్లు, ఇంకోవైపు 4 మీటర్లు కొలవండి. ఆ రెండు గుర్తుల మధ్య దూరం సరిగ్గా 5 మీటర్లు వస్తే మూల నిక్కచ్చిగా ఉన్నట్టు. ఇది తప్పితే రేపు టైల్స్ వేసేటప్పుడు గోడ పొడవునా ప్రతి టైలూ ఏటవాలుగా కోయాలి.

ఇక మీ చేతులతో చేసే పనులు. వీటిలో కవర్ బ్లాకులు నాకు చాలా ఇష్టమైన పని. కడ్డీకీ సెంట్రింగ్‌కీ మధ్య ఖాళీ ఉంచడానికి పెట్టే చిన్న సిమెంటు బిళ్ళలివి. మామూలుగా స్లాబుకి 20, బీముకి 25, కాలమ్‌కి 40 మిల్లీమీటర్ల మందం. మీ డ్రాయింగ్‌లో ఏది ఇస్తే అదే ఖాయం. తయారుగా లేకపోతే పనివాళ్ళు కంకర రాయో ఇటుక ముక్కో దూర్చేస్తారు. కాంక్రీటు పోస్తూ తొక్కేసరికి అది పక్కకి జారిపోతుంది. ఇంజనీరు చెప్పిన పాళ్ళలో మాలు కలిపి, మందం సరిగ్గా వచ్చే అచ్చులో పోసి, పచ్చిగా ఉండగానే బైండింగ్ వైరు (కడ్డీలు కట్టే సన్న తీగ) ముక్క గుచ్చి, రెండు వారాలు నీళ్ళలో ఉంచండి. స్లాబు తేదీ కంటే ముందే చేసి పెట్టుకోవచ్చు. సరిగ్గా రానిది పక్కన పడేయొచ్చు. పిల్లలు కూడా చేతులు వేస్తారు. కాకపోతే తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది, గ్లవ్స్ లేకుండా ఎవర్నీ ముట్టనివ్వకండి.

నేను చెప్పిన కొలతకి లొంగని పని ఒకటుంది. అది క్యూరింగ్, అంటే పోసిన కాంక్రీటుని కొన్ని రోజులు తడిగా ఉంచడం. ఇందులో తప్పు జరిగితే మళ్ళీ చేయలేం. అయినా ఇది మీరే చేయాలంటాను. కాంక్రీటు ఆరిపోయి గట్టిపడదు, సిమెంటు నీళ్ళతో కలిసి జరిగే రసాయన చర్యవల్ల గట్టిపడుతుంది. తడి పోతే ఆ చర్య ఆగుతుంది. కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటు అయితే 10 నుంచి 14 రోజులు తడి ఆరకూడదు. 28 రోజులకి రావాల్సిన బలంలో దాదాపు మూడింట రెండు వంతులు మొదటి 7 రోజుల్లోనే వస్తుంది. స్లాబు మీద మడులు కట్టి నీళ్ళు నిలపడం, కాలమ్‌లకి గోనె పట్టాలు చుట్టి తడపడం, ఇంతే పని. నేర్పు అక్కర్లేదు, మానకుండా ఉంటే చాలు. కూలికి వచ్చిన మనిషికి ఇంకో సైటు ఉంటుంది, మధ్యాహ్నం ఎండలో గోనె పట్టా ఎండిపోయిందా అని చూడడు. మీరు చూస్తారు.

రంగుల పని కుటుంబమంతా కలిసి చేసుకోవచ్చు. కూలిలో ఎక్కువ భాగం రంగు వేయడానికి కాదు, రుద్దడానికి పోతుంది. ప్లాస్టరింగ్ అయ్యాక నెలరోజులైనా ఆరనివ్వండి. పుట్టీ పెట్టి రుద్దాక, చీకట్లో టార్చి లైటు గోడకి ఆనించి పక్కనుంచి వేసి చూడండి, పగలు కనబడని ప్రతి ఎత్తూ పల్లమూ నీడగా కనబడుతుంది. మాస్కు తప్పనిసరి. స్టోర్ రూముతో మొదలుపెట్టి హాలు చివర్లో చేయండి, అప్పటికి చెయ్యి తిరుగుతుంది. ఎత్తు మీద బయటి గోడల జోలికి మాత్రం పోకండి. టైల్స్ సందుల్లో గ్రౌటింగ్, అల్మారాలకి పాలిష్, తలుపుల బిగింపులు, చెత్త ఎత్తడం కూడా చేసుకోదగ్గవే.

వీలుంటే ఇదంతా ప్లాను గీయించేటప్పుడే ఆలోచించాలి. వాల్టర్ సెగల్ అనే ఆర్కిటెక్టు, 1985లో పోయారు, లండన్‌లోని లూయిషమ్‌లో మామూలు కుటుంబాలు తమ ఇళ్ళు తామే కట్టుకునే పద్ధతి చూపించారు. ఆయన వాళ్ళని మేస్త్రీలుగా మార్చాలని చూడలేదు. ఇంటినే మార్చారు. తాపీ పని, ప్లాస్టరింగ్ లాంటి తడి పనులు తీసేసి చెక్క ఫ్రేము పెట్టారు. బజారులో దొరికే బోర్డు సైజుకి తగ్గట్టు గదుల కొలతలు గీశారు, కోత తగ్గింది. బోల్టులు, స్క్రూలు బిగించడమే పని. పొరపాటైతే విప్పి మళ్ళీ బిగించుకోవచ్చు. అక్కడ ఒక వీధికి ఆయన పేరే పెట్టారు. మనం చెక్క ఇల్లు కట్టకపోయినా, గది కొలతని టైలు సైజుకి కుదర్చమని ఆర్కిటెక్టుని అడగొచ్చు కదా!

మీ టైముని కూడా ఖర్చులో వేసుకోండి. మీ రంగుల పని రెండు నెలలు సాగితే ఆ రెండు నెలల అద్దె, లోను వడ్డీ మీ ఆదాలోంచే పోతాయి. అందుకని కాంట్రాక్టరుతో ఒప్పందం రాసుకునేటప్పుడే ఏ పనులు మీరు చేస్తారో, ఏ తేదీకి పూర్తి చేస్తారో ఆ కాగితంలో రాయండి. మీ పని వెనకబడి ఆయన మనుషులు ఖాళీగా కూర్చుంటే ఆ రోజుల కూలి ఎవరిదో కూడా అందులోనే తేల్చుకోండి.