సుంకం లేకపోయినా సరిహద్దు సరిహద్దే: వాణిజ్య కూటమిని వీడిన దేశాల అనుభవం

సభకు నమస్కారం.

ఒక దేశం తాను సభ్యురాలిగా ఉన్న వాణిజ్య కూటమి నుంచి వైదొలగితే దాని ఆర్థిక వ్యవస్థ ఏమవుతుందన్న ప్రశ్నకు అర్థశాస్త్రం చాలాకాలం అంచనాలతోనే సమాధానం చెప్పింది. కూటముల్లో చేరిన దేశాలు ఎన్నో ఉన్నాయి. కానీ దశాబ్దాలపాటు ఒక పెద్ద కూటమిలో ఉండి, దాని చట్టాలతో తన చట్టాలను పెనవేసుకుని, ఆ తర్వాత విడిపోయిన పెద్ద ఆర్థిక వ్యవస్థ బ్రిటన్ ఒక్కటే. 1973 జనవరి 1న అప్పటి ఐరోపా ఆర్థిక సమాజంలో చేరిన ఆ దేశం, 2016 జూన్ 23న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 51.9 శాతం మంది వైదొలగాలని కోరడంతో, 2020 జనవరి 31న ఐరోపా సమాఖ్య నుంచి తప్పుకుంది. పాత నిబంధనలు అదే ఏడాది డిసెంబరు 31 వరకు కొనసాగాయి. కాబట్టి అసలు మార్పు మొదలైంది 2021 జనవరి 1న.

నేను ఈ వేదిక మీద ప్రధానంగా ఒక్క విషయమే చెప్పదలచుకున్నాను. కూటమిని వీడడం వల్ల కలిగే నష్టంలో పెద్ద భాగం సుంకాల రూపంలో రాదు. కాగితాలు, తనిఖీలు, ఆలస్యం, అనిశ్చితి రూపంలో వస్తుంది. అది ముందుగా చిన్న సంస్థల మీద పడుతుంది, నెమ్మదిగా పేరుకుంటుంది. అందుకే దాన్ని కొలవడం కష్టం, కాదని వాదించడం సులభం.

ముందు సుంకాల సంగతి చూద్దాం. 2020 డిసెంబరులో బ్రిటన్, ఐరోపా సమాఖ్య కుదుర్చుకున్న వాణిజ్య, సహకార ఒప్పందం ప్రకారం ఇరుపక్షాల మధ్య సరుకుల మీద సుంకం సున్నా, కోటా పరిమితులూ సున్నా. అంతవరకు సమాఖ్య ఏ బయటి దేశంతోనూ ఇంత ఉదారమైన సుంకాల ఒప్పందం చేసుకోలేదు. సుంకమే వాణిజ్యానికి అడ్డంకి అయితే, ఆ ఒప్పందం తర్వాత బ్రిటన్ వ్యాపారం మునుపటిలాగే సాగి ఉండాలి. అలా సాగలేదు. కారణం తెలియాలంటే ఒక లారీని దగ్గరగా చూడాలి.

బ్రిటన్‌లో ఒక చిన్న తయారీదారు ఫ్రాన్స్‌లోని దుకాణానికి చీజ్ పంపుతున్నాడనుకుందాం. 2020 చివరి వరకు అతనికి కావలసింది ఒక ఇన్‌వాయిస్, ఒక లారీ. దేశంలోని మరో ఊరికి పంపినంత సులువుగా సరుకు వెళ్లేది. 2021 జనవరి నుంచి అదే సరుకుకు ఇటు ఎగుమతి డిక్లరేషన్, అటు దిగుమతి డిక్లరేషన్ అవసరమయ్యాయి. వాటిని నింపడానికి కస్టమ్స్ ఏజెంటుకు రుసుము కట్టాలి. పాలు, మాంసం వంటి జంతు సంబంధ ఉత్పత్తి కనుక ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి. అధికారం పొందిన పశువైద్యుడు సరుకును పరిశీలించి దాని మీద సంతకం చేసి ముద్ర వేయాలి. ఆ పత్రం సరుకు వెళ్లే దేశపు భాషలోనూ ఉండాలి. లారీ వస్తున్న విషయాన్ని సమాఖ్య కంప్యూటర్ వ్యవస్థలో ముందుగానే నమోదు చేయాలి. తనిఖీ కేంద్రం ఉన్న రేవు గుండా మాత్రమే ప్రవేశించాలి.

ఇక్కడ గమనించవలసిన ముఖ్యాంశం ఒకటుంది. ఒక పెట్టె పంపినా, లారీ నిండా పంపినా ధ్రువపత్రం ఖర్చులో పెద్దగా తేడా ఉండదు. లారీలు నింపి పంపగల పెద్ద సంస్థకు ఆ ఖర్చు సరుకు విలువలో చిన్న భాగమే. వారానికి నాలుగు పెట్టెలు పంపేవాడికి అది లాభాన్నంతా మింగేయగలదు. పైగా చిన్న వ్యాపారులు సొంత లారీ పెట్టుకోలేరు కనుక పది మంది సరుకు ఒకే లారీలో వెళుతుంది. ఆ పదింటిలో ఒక్కరి పత్రంలో ఒక్క గడి తప్పుగా నింపినా లారీ మొత్తం రేవులో ఆగిపోతుంది. తన పత్రాలన్నీ సక్రమంగా ఉన్నవాడి సరుకు కూడా దానితోపాటు ఆగుతుంది, పాడవుతుంది. దాంతో రవాణా సంస్థలే ఇలాంటి ఉమ్మడి లోడ్లు తీసుకోవడానికి వెనుకాడాయి. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు 2024 డిసెంబరులో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఐరోపా సమాఖ్యకు ఎగుమతి చేస్తున్న బ్రిటిష్ సంస్థల్లో సుమారు 14 శాతం ఆ ఎగుమతిని పూర్తిగా మానేశాయి. వాటిలో అత్యధికం చిన్నవే. పెద్ద సంస్థల ఎగుమతులు మాత్రం అంతగా దెబ్బతినలేదు.

సున్నా సుంకం అన్న మాటకూ ఒక షరతు ఉంది. సరుకు ఎక్కడ పుట్టిందో రుజువు చేయాలి. రూల్స్ ఆఫ్ ఆరిజిన్ అని పిలిచే ఈ నిబంధనల ప్రకారం, ఒప్పందంలో నిర్దేశించినంత మేర బ్రిటన్‌లోనో, ఐరోపాలోనో తయారైన వస్తువుకే సుంకం మినహాయింపు వర్తిస్తుంది. ఆసియాలో కుట్టిన చొక్కాను బ్రిటన్ గిడ్డంగికి దిగుమతి చేసుకుని, అక్కడ విప్పి సర్ది, సమాఖ్యలోనే ఉన్న ఐర్లండ్‌లోని దుకాణానికి పంపితే అది బ్రిటిష్ వస్తువు కాదు. దాని మీద రెండోసారి సుంకం పడవచ్చు. ఒకే గిడ్డంగి నుంచి బ్రిటన్‌కూ ఐర్లండ్‌కూ సరఫరా చేసే పద్ధతి దశాబ్దాలుగా చవకైనది. ఒక్క రాత్రిలో అది నష్టదాయకమైంది.

వేల్స్‌లోని మెనై జలసంధిలో మస్సెల్స్ అనే గుల్ల జీవులను సాగుచేసేవారి ప్రధాన మార్కెట్ ఐరోపా ఖండమే. అత్యంత శుభ్రమైన తరగతికి చెందని జలాల్లో పెరిగిన జీవులను వారు సజీవంగా పంపితే, అక్కడి కేంద్రాల్లో శుద్ధి చేసి అమ్మేవారు. సభ్యదేశానికి ఉన్న ఈ వెసులుబాటు బయటి దేశానికి లేదు. 2021 నుంచి ఆ మార్గం మూసుకుపోయింది. నీళ్లు మారలేదు, పెంచే విధానం మారలేదు, కొనేవారి అవసరమూ మారలేదు. చట్టం దృష్టిలో ఆ దేశపు హోదా మారింది. బ్రెగ్జిట్ అని పిలిచే ఈ వైదొలగడపు ఆర్థిక ఫలితాలన్నిటిలో నన్ను ఎక్కువగా బాధించేది ఇదే. ఓటు ఏ పక్కకు వేసినా, దాని భారం మాత్రం సముద్రాన్ని నమ్ముకుని బతికే కొద్దిమంది మీద ముందుగా పడింది.

ఇంకో సంగతి. నష్టం వైదొలగిన రోజున మొదలుకాదు, వైదొలగుతుందని తెలిసిన రోజునే మొదలవుతుంది. 2016 జూన్ 24న పౌండు విలువ డాలరుతో పోలిస్తే సుమారు 8 శాతం పడిపోయి, 1985 తర్వాత ఎన్నడూ లేనంత తక్కువకు చేరింది. ఆనాటికి బ్రిటన్ ఇంకా పూర్తి సభ్యదేశమే, ఒక్క నిబంధన కూడా మారలేదు. ఆహారం, ఇంధనం, ముడిసరుకులు పెద్ద ఎత్తున దిగుమతి చేసుకునే దేశంలో కరెన్సీ బలహీనపడితే ధరలు పెరుగుతాయి. 2017 నవంబరు నాటికి ద్రవ్యోల్బణం 3.1 శాతానికి చేరింది. జీతాలు ఆ వేగంతో పెరగలేదు. సంస్థల పెట్టుబడులు 2016 తర్వాత ఏళ్ల తరబడి ఎదుగూబొదుగూ లేకుండా ఉండిపోయాయి. రేపటి నిబంధనలు ఏమిటో తెలియని యజమాని కొత్త యంత్రం కొనడం వాయిదా వేస్తాడు.

ఇన్ని జరిగినా బ్రిటన్ ఆర్థిక వ్యవస్థ కూలిపోలేదు కదా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. బ్రిటన్ ప్రభుత్వ ఆర్థిక అంచనాలను స్వతంత్రంగా తయారుచేసే ఆఫీస్ ఫర్ బడ్జెట్ రెస్పాన్సిబిలిటీ లెక్క ప్రకారం, సమాఖ్యలో కొనసాగి ఉంటే సాధించగలిగే స్థాయి కంటే దేశ ఉత్పాదకత దీర్ఘకాలంలో 4 శాతం తక్కువగా ఉంటుంది. ఎగుమతులు, దిగుమతులు రెండూ దాదాపు 15 శాతం తక్కువగా ఉంటాయి. దీని అర్థం దేశం 4 శాతం కుంచించుకుపోయిందని కాదు. రావలసిన ఎదుగుదల రాలేదని. రాని ఆదాయం ఎవరి జేబులోనూ కనిపించదు, పుట్టని ఉద్యోగం గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు. దానికితోడు కొవిడ్, ఆ వెంటనే ఉక్రెయిన్ యుద్ధం వల్ల పెరిగిన ఇంధన ధరలు వచ్చి, ఏ నష్టం దేనివల్ల అన్నది విడదీయడాన్ని మరింత కష్టం చేశాయి. బ్రిటన్‌ను పోలిన దేశాలతో సరిపోల్చి మాత్రమే ఆ తేడాను అంచనా వేయగలం.

బ్రిటన్ ఆర్థిక వ్యవస్థలో సుమారు 80 శాతం సేవలదే. లండన్ బ్యాంకులు ఒకే లైసెన్సుతో సమాఖ్య అంతటా వ్యాపారం చేసే హక్కును కోల్పోయాయి. షేర్ల లావాదేవీల్లో 2021 జనవరిలోనే ఆమ్‌స్టర్‌డామ్ లండన్‌ను దాటింది. అయినా మొత్తం మీద సేవల ఎగుమతులు సరుకుల కంటే ఎంతో మెరుగ్గా నిలబడ్డాయి. సరిహద్దు వద్ద ఆపి విప్పి చూడవలసిన వస్తువు అక్కడ లేదు మరి.

వైదొలగడాన్ని సమర్థించినవారి బలమైన వాదన, ప్రపంచంతో సొంతంగా ఒప్పందాలు చేసుకోవచ్చన్నది. ఆ స్వేచ్ఛ నిజమైనదే. 2025 ఏప్రిల్‌లో అమెరికా దాదాపు అన్ని దేశాల మీదా కొత్త సుంకాలు ప్రకటించినప్పుడు బ్రిటన్‌కు 10 శాతం, ఐరోపా సమాఖ్యకు 20 శాతం నిర్ణయించింది. ఇది విడిగా ఉన్నందువల్ల కలిగిన ప్రయోజనమేనని ఒప్పుకోవాలి. అయితే ఒప్పందాల పరిమాణాలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఆస్ట్రేలియాతో ఒప్పందం వల్ల దీర్ఘకాలంలో జీడీపీ 0.08 శాతం, భారత్‌తో 2025 జులై 24న సంతకం చేసిన ఒప్పందం వల్ల 0.13 శాతం పెరుగుతుందని బ్రిటన్ ప్రభుత్వమే అంచనా వేసింది. 4 శాతం లోటును పూడ్చాలంటే ఇటువంటి ఒప్పందాలు ముప్పైకి పైగా కావాలి. దేశాల మధ్య వ్యాపారం వాటి ఆర్థిక పరిమాణంతోపాటు పెరుగుతుందని, దూరంతోపాటు తగ్గుతుందని డచ్ అర్థశాస్త్రవేత్త యాన్ టిన్‌బర్గన్ 1962లోనే చూపించారు. ఇరవై మైళ్ల జలసంధికి అవతల ఉన్న మార్కెట్‌కు పసిఫిక్ ప్రత్యామ్నాయం కాలేదు.

బ్రిటన్ అనుభవం అందరికీ యథాతథంగా వర్తించదు. డెన్మార్క్ పాలనలోని గ్రీన్‌లాండ్ 1982 ప్రజాభిప్రాయ సేకరణ తర్వాత 1985లో ఐరోపా ఆర్థిక సమాజాన్ని వీడింది. దాని ఎగుమతి దాదాపు ఒక్కటే, చేపలు. ఐరోపా పడవలను తన జలాల్లోకి అనుమతించి, బదులుగా తన చేపలకు సుంకం లేని ప్రవేశాన్ని, నగదు చెల్లింపును సంపాదించుకుంది. అమ్మేది ఒక్కటే అయినప్పుడు, అదే అవతలివారికి అత్యవసరమైనప్పుడు, విడిపోవడం చవకగా తేలుతుంది.

దీనికి పూర్తి భిన్నమైనది సహారా ఎడారికి దక్షిణపు అంచున ఉన్న సాహెల్ ప్రాంతం. మాలీ, బుర్కినా ఫాసో, నైజర్ 2025 జనవరి 29న పశ్చిమ ఆఫ్రికా దేశాల ఆర్థిక సమాజమైన ఎకోవాస్‌ను వీడాయి. మూడింటికీ సముద్రతీరం లేదు. వాటి సరుకంతా అబిద్జాన్, లోమే, కోటోనూ వంటి పరాయి రేవుల గుండానే రావాలి. సీఎఫ్ఏ ఫ్రాంకు అనే ఉమ్మడి కరెన్సీ వాడే పశ్చిమ ఆఫ్రికా దేశాల కస్టమ్స్ యూనియన్‌లో అవి ఇంకా ఉన్నాయి కనుక ఐవరీ కోస్ట్, టోగో, బెనిన్‌లతో సుంకాల సమస్య పెద్దగా రాలేదు. నైజీరియా, ఘనా ఆ యూనియన్‌లో లేవు. నైజర్ ఉల్లి, పశువులు నైజీరియాకు, బుర్కినా ఫాసో టమాటా ఘనాకు వెళ్లే దారుల మీద ఇప్పుడు నిబంధన కాకుండా ప్రభుత్వాల సద్భావం మాత్రమే కాపలా ఉంది. 2025 మార్చిలో ఈ మూడు దేశాలు బయటి దిగుమతుల మీద 0.5 శాతం పన్ను విధించాయి. అక్కడి చిన్న వ్యాపారికి కస్టమ్స్ ఏజెంటు ఉండడు, న్యాయస్థానమూ ఉండదు. సరిహద్దు దగ్గర నిలబడిన అధికారి చెప్పిందే నిబంధన.

మళ్లీ బ్రిటన్‌కు వస్తాను. 2025 మే 19న లండన్‌లో జరిగిన శిఖరాగ్ర సమావేశంలో ఆహార, వ్యవసాయ ఉత్పత్తుల తనిఖీలను చాలావరకు తొలగించే ఒప్పందం దిశగా సాగాలని ఇరుపక్షాలు అంగీకరించాయి. అందుకు బదులుగా ఆ రంగంలో ఐరోపా నిబంధనలు మారినప్పుడల్లా బ్రిటన్ కూడా తన నిబంధనలను మార్చుకోవాలి. ఐరోపా చట్టానికి అర్థం చెప్పే విషయంలో ఐరోపా న్యాయస్థానానిదే తుది మాట. అదే రోజున తన జలాల్లో ఐరోపా పడవల చేపల వేటను 2038 వరకు కొనసాగనివ్వడానికీ బ్రిటన్ ఒప్పుకుంది. 1973 నుంచి దాదాపు ఐదు దశాబ్దాలు ఆ నిబంధనలు రాసే బల్ల దగ్గర కూర్చుని, ఓటు వేసి, కొన్నిటిని అడ్డుకున్న దేశం, ఇప్పుడు ఓటు లేకుండా వాటిని పాటించడానికి సిద్ధపడుతోంది. అయినా ఆ దిశలో సాగడం సరైన పనేనని నా అభిప్రాయం. ఆ పశువైద్యుడి సంతకం అక్కర్లేకుండా పోతే చిన్న ఎగుమతిదారులకు మళ్లీ అవకాశం దొరుకుతుంది. కాకపోతే ఈలోగా వారి ఫ్రెంచి, డచ్చి కొనుగోలుదారులు వేరే సరఫరాదారులను చూసుకున్నారు. ఆ బేరాలను తిరిగి రాబట్టుకోవడం ఏ ఒప్పందపు అధికరణంలోనూ ఉండదు, ఆ పని వారే ఒక్కొక్క దుకాణం తలుపు తట్టి చేసుకోవాలి.