గీత వణికితే కొనను: పెన్ను టాబ్లెట్ మీద నా నిర్ణయం

నమస్కారం అండీ! ఈ వారం బయట తిరుగుళ్ళు ఏమీ లేవు, ఇంట్లోనే వీడియో. రెండు నెలలుగా నా బుర్ర తినేస్తున్న ప్రశ్న ఒకటుంది. స్క్రీన్ మీదే పెన్నుతో బొమ్మలు వేసుకునే టాబ్లెట్ కంప్యూటర్ కొనాలా, వద్దా?

నాకు అదెందుకో ముందు చెప్తాను. మా పాప పుట్టింది ఇక్కడే, తెలుగు ఊళ్ళకి దూరంగా. తనకి తెలుగు అక్షరాలు నేర్పడానికి ఒక బొమ్మల పుస్తకం తయారుచేస్తున్నాను. అక్షరానికో పేజీ, పక్కన దాని బొమ్మ. లాప్‌టాప్‌కి తగిలించుకునే, స్క్రీన్ లేని పెన్ను పలక నా దగ్గర ఇప్పటికే ఉంది. చెయ్యి ఒక చోట, చూపు ఇంకో చోట ఉండటం అలవాటయ్యేసరికి నెల పట్టింది కానీ, ఇప్పుడు హాయిగానే గీస్తున్నాను. చిక్కల్లా బల్ల దగ్గర కూర్చుంటేనే దానితో పని.

అందుకని రెండు వారాల పాటు ఎప్పుడు ఎక్కడ గీశానో రాసి పెట్టుకున్నాను. బల్ల దగ్గర కూర్చున్నది మూడే మూడు సార్లు. మిగతావన్నీ పాప ఈత క్లాసు బయట బెంచీ మీద, రైల్లో, తను పడుకున్నాక సోఫాలో, అన్నీ పెన్సిలుతో. అవన్నీ మళ్ళీ స్కాన్ చేసి, శుభ్రం చేసి, గీతలు తిరిగి గీయాలి. ఆ కాగితం చూశాక కొనాలన్న వైపే మొగ్గాను.

సరిగ్గా అప్పుడే ఒక స్నేహితురాలు తన టాబ్లెట్ వారం రోజులకి ఇచ్చింది. మొదటి రోజు నేను గాల్లో తేలిపోయాను! రెండో రోజు స్కేలు పెట్టి, ఐమూలగా, చాలా నెమ్మదిగా ఒక గీత గీశాను. పాప స్కేలు కదలకుండా పట్టుకుంది. చెయ్యి వణకలేదు, స్కేలు జరగలేదు. అయినా స్క్రీన్ మీద గీత చిన్న చిన్న అలల్లా వచ్చింది. "అమ్మా, గీతకి చలేస్తోందా?" అంది పాప.

దీనికి కారణం ఉంది. స్క్రీన్ లోపల సన్నటి తీగల గడి ఉంటుంది. పెన్ను రెండు తీగల మధ్య ఉన్నప్పుడు అది కచ్చితంగా ఎక్కడుందో యంత్రం లెక్కగట్టుకోవాలి. ఆ లెక్క కొంచెం కొంచెం తప్పితే గీత అలలు కడుతుంది. వేగంగా గీస్తే కనపడదు, నెమ్మదిగా గీస్తే బయటపడుతుంది. బ్యాటరీ ఉండే కొన్ని పెన్నుల్లో ఇది ఎక్కువ. పెన్ను టాబ్లెట్లు చేసే వాకామ్ కంపెనీ వాళ్ళ ఈఎంఆర్ పద్ధతిలో పెన్నుకి బ్యాటరీయే ఉండదు, స్క్రీన్ వెనక ఉన్న పలకే దానికి శక్తినిస్తుంది. శాంసంగ్ వాళ్ళ పెన్ను ఎస్ పెన్‌లో ఉన్నదీ ఆ పద్ధతే. అలాగని పేరు చూసి కొనేయకండి, గీసి చూడండి.

వణికే గీతని నున్నగా చేసే స్టెబిలైజర్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది కదా అంటారు. పెట్టి చూశాను. గీత నున్నగా వచ్చింది, కానీ చేతి వెనక నడుస్తుంది. పెద్ద బొమ్మకి పరవాలేదు. "ఋ" రాసినప్పుడు మాత్రం మెలికలన్నీ కరిగిపోయాయి. "క్ష" కూడా అంతే. మన అక్షరాలంటేనే వంపులు. పిల్లలు చూసి దిద్దుకోవాల్సిన అక్షరం వంపు పోతే ఆ పుస్తకం ఎందుకండీ? ఈ టాబ్లెట్ నాకు వద్దని అక్కడే తేలిపోయింది.

పెన్నుని ఎంత గట్టిగా నొక్కామో గుర్తించే ఒత్తిడి స్థాయిలు 4096 ఉన్నాయా, 8192 ఉన్నాయా అన్నదాని మీద టెన్షన్ పడకండి. ఆ తేడా మన చేతికి తెలియదు. అతి తేలికగా ఆనించినప్పుడు గీత మొదలవుతుందా లేదా అన్నదే చూసుకోండి.

ఐప్యాడ్ సంగతి చాలామంది అడిగారు. దాంట్లో బొమ్మలు గీసే యాప్ ప్రొక్రియేట్ చాలా బాగుంటుంది, కానీ అది విండోస్‌లో రాదు. నా పేజీలన్నీ క్రిటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి, క్రిటా ఏమో ఐప్యాడ్‌లో లేదు. సగం అయిన పుస్తకాన్ని ఇంకో ఇంటికి మార్చే ఓపిక నాకు లేదు, అందుకే విండోసే.

మెమరీ, అంటే ర్యామ్ గురించి ఒక్క మాట. ఏ4 పేజీ 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, 2480 × 3508 పిక్సెళ్ళు. మామూలు రంగుల్లో ఒక్కో లేయర్ (బొమ్మలో ఒకదాని మీద ఒకటి పేర్చే పొర) నిండా గీస్తే దాదాపు 35 ఎంబీ. నేను పేజీకి ముప్పై లేయర్లు వాడతాను, అంటే అవే ఒక జీబీ దాటతాయి. అన్‌డూల కోసం దాచుకునేది దీనికి అదనం. ఇలాంటి పల్చటి యంత్రాల్లో మెమరీ సాధారణంగా బోర్డుకే అతికి ఉంటుంది, తర్వాత పెంచుకోలేం. అందుకే 16 జీబీకి తగ్గకూడదనుకున్నాను. అరచెయ్యి ఆనే చోట వేడెక్కుతోందా అని కూడా ఓ అరగంట గీసి చూసుకోవాలి.

కాబట్టి కొంటున్నాను, కానీ వారం రోజులు వాడిన ఆ మోడల్ మాత్రం కాదు. దాన్ని నిన్న తిరిగి ఇచ్చేశాను. శనివారం షాపుకి వెళ్ళి, డెమోకి పెట్టినవాటి మీద స్వయంగా గీసి చూస్తాను. పాప అప్పుడే తన స్కేలు నా బ్యాగులో పెట్టేసింది.