ఎత్తు కలిసింది, లెక్క మాత్రం తప్పు: అలల మోడల్‌లో నురుగు తంటా

అలల మోడల్ నడిపేవాళ్లు చాలామంది మొదట చూసేది సిగ్నిఫికెంట్ వేవ్ హైట్, అంటే అన్నిటికంటే పెద్దవైన మూడో వంతు అలల సగటు ఎత్తు. సముద్రంలో తేలే బోయ్ 1.5 మీటర్లు కొలిచింది, అలల్ని లెక్కించే స్వాన్ కంప్యూటర్ మోడల్ కూడా 1.5 అంది. ఇంకేం, అయిపోయిందనుకుంటారు. అక్కడే బోల్తా పడతారు.

విశాఖ ముందున్న సముద్రాన్నే తీసుకోండి. దక్షిణ మహాసముద్రంలో పుట్టి వేల కిలోమీటర్లు దాటి వచ్చే పొడవాటి అల, స్వెల్ ఉంటుంది, పీరియడ్ (ఒక అల తర్వాత ఇంకో అల వచ్చే వ్యవధి) 15 సెకన్లు అనుకుందాం. దాని మీద మధ్యాహ్నం గాలికి లేచే 5 సెకన్ల కురచ అలలు. లోతు నీళ్లలో మొదటిదాని పొడవు సుమారు 350 మీటర్లు, రెండోదానిది 39. శక్తి ఎత్తు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఎత్తుల్ని వర్గాలతోనే కలపాలి. స్వెల్ 1.2, గాలి అల 0.9 అయితే మొత్తం 1.5. ఇప్పుడు తిరగేయండి: స్వెల్ 0.9, గాలి అల 1.2. అప్పుడూ 1.5 మీటర్లే! లోపల సముద్రం తలకిందులైనా పైన అంకె కదల్లేదు.

స్వాన్‌లో నురుగు నష్టాన్ని లెక్కించే కోమెన్ ఫార్ములాతో సరిగ్గా ఇలాగే తప్పుతుంది. అల కొన విరిగి తెల్ల నురుగుగా పోయే శక్తిని అది మొత్తం స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శక్తి ఉందో చూపే పట్టిక) సగటు వాలును, అంటే పొడవుతో పోలిస్తే ఎత్తును బట్టి లెక్కిస్తుంది, అదీ నాలుగో ఘాతంలో. పొడవాటి స్వెల్ కలిస్తే సగటు వాలు పడిపోతుంది. వాలు సగమైతే ఆ గుణకం పదహారో వంతు. దాంతో కురచ అలలు విరగాల్సినంత విరగవు, పెరిగిపోతాయి. అసలు విరగని స్వెల్ మీద మాత్రం అనవసరంగా కోత పడుతుంది.

ఇలాంటప్పుడు కోమెన్ గుణకం 2.36×10⁻⁵ని అటూఇటూ తిప్పకండి. అది స్వెల్‌నూ కురచ అలల్నీ ఒకేసారి లాగుతుంది. స్వాన్ ఇన్‌పుట్ ఫైల్‌లోని జెన్3 ఆదేశంలో కోమెన్ తీసి ఎస్‌టీ6 అనే ఇంకో ఫార్ములా పెట్టండి. అందులో ఫ్రీక్వెన్సీలవారీగా శక్తి ఓ హద్దు దాటితేనే అల విరుగుతుంది. దాని గుణకాలు, గాలి డ్రాగ్ (నీటి మీద గాలి ఈడ్పు) ఫార్ములా జతగా ఇవ్వాలి, స్వెల్ క్షయానికి ఆదేశం విడిగా రాయాలి. ఇది మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

అంతకంటే ముందు గాలి డేటా చూడండి. పూర్తిగా ఎదిగిన సముద్రంలో ఎత్తు గాలి వేగపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి గాలిలో 10 శాతం తప్పుంటే ఎత్తులో 21 శాతం వస్తుంది. నురుగును నిందించి లాభం లేదు.

సముద్రం అడుగు రాపిడికి జాన్‌స్వాప్ ఫార్ములా గుణకం 0.038 చాలు. పాత ఫైళ్లలో 0.067 కనిపిస్తే మార్చండి. కేరళలో అలప్పుళ దగ్గరి బురద గట్లలాంటి చోట మాత్రం ఏ రాపిడి గుణకమూ పనికిరాదు, అక్కడ అలను మింగేది బురదే. ఒడ్డున అల విరిగే హద్దు గామా (లోతుతో పోలిస్తే అల ఎత్తు) 0.73, అంటే 2 మీటర్ల నీటిలో అల ఎత్తు 1.46 దాటదు.

చివరగా, ఫ్రీక్వెన్సీ గ్రిడ్ 0.04 హెర్ట్జ్ దిగువనుంచి మొదలుపెట్టి రెండు రన్‌లు వేయండి. మోడల్ సరిహద్దు నుంచి లోపలికి పంపే స్వెల్ ఒకటే, ఒకదానికి గాలి ఉంటుంది, రెండోదానికి ఉండదు. లోతు నీటి పాయింట్ దగ్గర 0.067 హెర్ట్జ్ (15 సెకన్ల స్వెల్) శిఖరం రెండింటిలోనూ దాదాపు ఒకే ఎత్తులో ఉండాలి. గాలి వేయగానే అది కుంగిందంటే, పోయిన స్వెల్‌ను మింగింది సముద్రం కాదు, మీ ఫార్ములా.