డాక్టరు ముందు మొహమాటం వద్దు

శ్రోతలకు నమస్కారం. ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, కొరాపుట్ వైపు ఉన్న మన తెలుగువాళ్లతో ఈ పూట దివ్యాంగుల పింఛను గురించి మాట్లాడతాను. పథకాలన్నీ చెప్పేంత సమయం లేదు. ఒక్క విషయమే చెబుతాను, సర్టిఫికెట్ కోసం చేసే డాక్టరు పరీక్ష సంగతి. చాలామంది దరఖాస్తు ఆగిపోయేది అక్కడే.

మా వీధిలో మగ్గం నేసే ఒక పెద్దాయన ఉన్నారు. వరసకి మామయ్య. బరంపురం పట్టుచీర అంచు మీద కుంభాలు తీర్చడంలో ఆయనకి మంచి పేరు. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. కొన్ని నెలలకి మాట తేరుకుంది. కర్ర పట్టుకుని నడక వచ్చింది. చెయ్యి మాత్రం రాలేదు. మగ్గం మీద నూలు అటూ ఇటూ పంపే నాడె ఆడించాల్సిన చెయ్యి అది. మగ్గం ఆగిపోయింది, ఇల్లు అత్తమ్మ మీద పడింది.

ఆసుపత్రిలో వైకల్య సర్టిఫికెట్ కోసం పరీక్ష రోజు వచ్చింది. మామయ్య శుభ్రంగా గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లారు. డాక్టరుగారు ఎలా ఉన్నారని అడిగితే, "బాగానే ఉన్నానండీ, పరవాలేదు" అన్నారు. చెయ్యి ఎత్తమంటే పళ్లు బిగించి, ఉన్న బలమంతా పెట్టి భుజం దాకా ఎత్తారు. జీవితమంతా పనిమంతుడని పేరు తెచ్చుకున్న మనిషి పదిమందిలో చేతకాదని ఎలా అంటారు? డాక్టరుగారు చూసిందే రాశారు. 30 శాతం.

30 శాతానికి పింఛను లేదు. 40 శాతం ఉండాలి.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. మీరు పని చేయలేకపోతున్నారని ఊరంతా సాక్ష్యం చెప్పినా చాలదు. పింఛనుకి చూసేది సర్టిఫికెట్ మీది శాతం. ఆ అంకె మీ మగ్గాన్నీ, మీ పొలాన్నీ లెక్కలోకి తీసుకోదు. చెయ్యి ఎంత కదులుతోంది, పట్టు ఎంత ఉంది, రోజువారీ పనుల్లో ఏవి చేసుకోగలరు, ఇవే కొలుస్తుంది. నేతగాడికి చెయ్యి పోవడమంటే బతుకుతెరువంతా పోవడమే. కాగితం మీద మాత్రం అది కొంత శాతమే. ఇది నాకు న్యాయంగా అనిపించదు. కానీ నియమం మారేదాకా దాని ప్రకారమే నడవాలి.

అత్తమ్మ ఊరుకోలేదు. "బాబూ, అన్నం ముద్ద నేను కలిపి పెడతన్నాను, చొక్కా బొత్తాలు నేను పెడతన్నాను. ఆ సంగతి ఎవరూ అడగలేదేటి?" అంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద, సర్టిఫికెట్ మీద అభ్యంతరం ఉంటే రాష్ట్ర నియమాల్లో ఉన్న గడువులోపు అప్పీలు చేసుకోవచ్చు. చేశారు. రెండోసారి పరీక్షకి అత్తమ్మ లోపలికి వెళ్లింది. స్నానం, భోజనం, బట్టలు, మెట్లు, అన్నీ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మామయ్య తల వంచుకుని కూర్చున్నారట. ఈసారి 55 శాతం వచ్చింది. ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పింఛను మంజూరైంది.

లేనిది ఉన్నట్టు చెప్పమని నేననడం లేదు. ఉన్నది దాచవద్దంటున్నాను. డాక్టరు ముందు మొహమాటం వద్దు. బాగున్న రోజు సంగతి చెప్పి ఊరుకోకండి, బాగాలేని రోజు సంగతి కూడా చెప్పండి.

అంకెలు త్వరగా చెబుతాను. ఒడిశాలో మధుబాబు పింఛను 2024 నుంచి సాధారణంగా నెలకు 1000 రూపాయలు. 80 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి 2025 నుంచి 3500. ఆదాయ పరిమితి కూడా ఉంటుంది, అది బ్లాకు ఆఫీసులో గానీ మునిసిపాలిటీలో గానీ అడగండి. పక్షవాతం లాంటి జబ్బుల్లో సాధారణంగా ఆరు నెలలు గడిచాకే శాతం లెక్కిస్తారు. అందాకా మందుల చీటీ, స్కాన్, డిశ్చార్జి కాగితం, ఏదీ పారేయకండి.

పర్లాకిమిడి వాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. ఏరు దాటితే ఆంధ్రా వైపు పాతపట్నంలో అదే వైకల్యానికి 6000 ఇస్తున్నారు కదా, మేం అక్కడి అడ్రసు పెట్టుకోవచ్చా అని. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. ఒకే ఇంటి అన్నదమ్ములకి ఇంత తేడా ఉండటం కష్టమే. కానీ పింఛను మీరు నివసించే రాష్ట్రానిది. ఇక్కడ ఉంటూ అక్కడి అడ్రసు చూపిస్తే రెండూ పోయే ప్రమాదం ఉంది. దివ్యాంగుల గుర్తింపు కార్డు, అదే యూడీఐడీ కార్డు మాత్రం దేశమంతా చెల్లుతుంది, అది తప్పకుండా తీసుకోండి. ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో, రేషన్ కార్డులో పేరు ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోండి. మన ఇంటిపేర్లు ఒడియాలో ఒకలా, ఇంగ్లీషులో ఇంకోలా పడుతుంటాయి.

దివ్యాంగుల కోసం ప్రభుత్వం నడిపే భీమ భోయి శిబిరాలు మీ బ్లాకులో పెట్టినప్పుడు పరీక్ష, దరఖాస్తు ఒకేచోట అవుతాయి. ఒడియా బాగా వచ్చిన మనిషిని ఒకరిని, రోజూ మిమ్మల్ని చూసుకునే మనిషిని ఒకరిని వెంట తీసుకెళ్లండి. మీరు సొంతంగా చేసుకోలేని పనులు ఆ చూసుకునే మనిషి చేత ముందు రోజే ఒక కాగితం మీద రాయించి, ఆసుపత్రి కాగితాల్లో అన్నిటికంటే పైన పెట్టించండి.

నమస్కారం.