సున్నా అయ్యేదాకా నడపమని మీకు చెప్పిందెవరు? ఎలక్ట్రిక్ బండి బ్యాటరీ కథ

(తెర మీద: మూత విప్పిన పాత స్కూటర్ బ్యాటరీ. లోపల వరుసలు వరుసలుగా సెల్స్.)

నమస్కారం. ఎలక్ట్రిక్ బండి కొన్న ప్రతి ఇంటికీ బండితో పాటు ఒక సలహా ఉచితంగా వస్తుంది. “బ్యాటరీని పూర్తిగా అయిపోనివ్వండి. సున్నాకు వచ్చాకే ఛార్జింగ్ పెట్టండి. నిండేదాకా తీయకండి. అప్పుడే పదికాలాలు మన్నుతుంది.” చెప్పేవాళ్లు ఎంత ధీమాగా చెబుతారంటే, వినేవాళ్లకు ఎదురు ప్రశ్న వేయాలని కూడా తోచదు. ఈ సలహా వింటే నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే మన్నిక కోసం చెప్పే ఈ మాటే బ్యాటరీ ఆయుష్షును తగ్గిస్తుంది.

ఇది నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటి మాట. పాత కార్డ్‌లెస్ ఫోన్లలో ఉండేవి చూడండి, వాటి విషయంలో ఇందులో కొంత నిజం ఉండేది. లిథియం అయాన్ బ్యాటరీని సోనీ సంస్థ 1991లో మార్కెట్లోకి తెచ్చింది. దానికి పునాది వేసిన గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో ముగ్గురికీ 2019లో నోబెల్ కూడా వచ్చేసింది. బ్యాటరీ మారింది, సలహా మారలేదు.

లోపల ఏం జరుగుతుందో చెప్పడానికి, తిరుపతిలో కూర్చుని నేను వేరే ఉపమానం వెతుక్కోవడం దండగ. పేపరులో మనం తరచూ చదివే వార్తే చాలు: “వైకుంఠం క్యూ కాంప్లెక్సులో 31 కంపార్టుమెంట్లు నిండి, వెలుపల శిలాతోరణం వరకు భక్తులు బారులు తీరారు.” బ్యాటరీలో ఒక పక్క గ్రాఫైట్ ఉంటుంది. పొరలు పొరలుగా ఉండే ఆ గ్రాఫైటే మన కంపార్టుమెంట్లు. లిథియం అయాన్లు భక్తులు. ఛార్జింగ్ పెట్టడమంటే భక్తులను కంపార్టుమెంట్లలోకి పంపడం. బండి నడపడమంటే గేట్లు తెరిచి వాళ్లను అవతలి పక్కకు వదలడం. వంద శాతం అంటే అన్నీ నిండాయని అర్థం, సున్నా అంటే ఖాళీ అని.

ఇప్పుడు ఆలోచించండి. కంపార్టుమెంటు ఖాళీగా ఉన్నప్పుడు జనాన్ని ఎంత వేగంగా పంపినా ఎవరి చోటు వాళ్లకు దొరుకుతుంది. నిండుతున్నకొద్దీ సర్దుకుని కూర్చోవాలి, వేగం తగ్గించాలి. అందుకే ఛార్జర్ ఎనభై శాతం దాకా చకచకా ఎక్కించి, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. “చివరి ఇరవై శాతానికే ఇంతసేపా, ఛార్జర్ పాడైందా?” అని అడుగుతుంటారు. పాడు కాలేదు. తోపులాట జరగకుండా చూస్తోంది.

తోపులాట జరిగితే ఏమవుతుంది? చోటు దొరకని వాళ్లు గేటు దగ్గరే చతికిలబడతారు. బ్యాటరీలోనూ అంతే. పొరల్లోకి వెళ్లలేని లిథియం గ్రాఫైట్ పైనే లోహంగా పేరుకుంటుంది. అందులో కొంత భాగం మళ్లీ పనికి రాదు, అంటే ఆ మేరకు బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా పోయినట్టే. ఇంకా ముదిరితే ఆ లోహం సూదుల్లా పెరిగి, రెండు పక్కలనూ వేరుచేసే పల్చటి పొరను పొడవవచ్చు. అప్పుడు లోపలే షార్ట్ అవుతుంది. మీ బండిది కాని ఫాస్ట్ ఛార్జర్ ఎందుకు వాడకూడదో ఇక్కడే తెలుస్తుంది.

ఇక కిక్కిరిసిన కంపార్టుమెంటు, మే నెల మధ్యాహ్నం, ఫ్యాన్లు ఆగిపోయాయి. గంటల తరబడి జనం అలాగే ఉంటే ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వంద శాతం నిండిన బ్యాటరీని ఎండలో రోజంతా నిలబెట్టడం సరిగ్గా అదే. లోపలి ద్రవం మెల్లగా రసాయన మార్పులకు లోనవుతుంది. గ్రాఫైట్ మీద ఉండే సన్నటి పొర మందమవుతూ లిథియంను తినేస్తూ ఉంటుంది. వేడి పెరిగినకొద్దీ ఈ పని వేగం పుంజుకుంటుంది. నిండుగా ఉండటం ఒక్కటే అయితే కొంత నయం, వేడి ఒక్కటే అయినా కొంత నయం, రెండూ కలిస్తేనే బ్యాటరీకి గడ్డుకాలం.

సున్నా సంగతి? ఇక్కడ నా ఉపమానం కాస్త కుంటుతుంది, ఎందుకంటే ఖాళీ కంపార్టుమెంటుకు వచ్చే నష్టమేమీ లేదు. సెల్‌కు మాత్రం ఉంది. వోల్టేజీ మరీ పడిపోయి అలాగే ఉండిపోతే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. తిరిగి ఛార్జ్ ఎక్కించినప్పుడు ఆ రాగి ఎక్కడ పడితే అక్కడ పేరుకుని షార్ట్‌కు దారి తీస్తుంది. అందుకే రోజువారీ వాడకంలో ఇరవైకి, ఎనభైకి మధ్య తిప్పుకోవడం మంచిది. రోజూ కాస్త కాస్త ఎక్కించుకున్నా తప్పు లేదు. దూరం వెళ్లే రోజు వందకు పెట్టండి, నిండగానే బయలుదేరండి. బ్యాటరీకి చేటు వందను తాకడం వల్ల కాదు, వంద దగ్గర కాపురం పెట్టడం వల్ల.

(తెర మీద: బ్యాటరీ లోపలి గుంపులను రంగులతో చూపించే బొమ్మ.)

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. “బ్యాటరీ పోయింది” అని వచ్చే బళ్లలో బ్యాటరీ మొత్తం పోయినవి తక్కువ. 48 వోల్టుల బ్యాటరీ ఒకటి తీసుకుందాం. లోపల సెల్స్ పదమూడు గుంపులుగా వరుసగా కలిపి ఉంటాయి. ఒక్కో గుంపు నిండినప్పుడు 4.2 వోల్టులు, మొత్తం 54.6. మళ్లీ కొండ మీదికి రండి. పదమూడు కంపార్టుమెంట్లు, ఒక విచిత్రమైన నియమం: అన్నిటి గేట్లూ ఒకేసారి తెరవాలి, ఒకేసారి మూయాలి. పన్నెండింటిలో వందేసి మంది పడతారు. ఒకదాంట్లో గోడ కూలి అరవై మందికే చోటుంది. నింపేటప్పుడు ఆ అరవై మంది గది ముందే నిండిపోతుంది, గేటు దగ్గరి సిబ్బంది మొత్తం క్యూను ఆపేస్తారు. వదిలేటప్పుడు అదే ముందు ఖాళీ అవుతుంది, మళ్లీ మొత్తం ఆపేస్తారు. మిగతా పన్నెండింటిలో ఇంకా జనం ఉన్నా సరే.

ఆ సిబ్బంది పేరే బీఎంఎస్, అంటే బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్. ప్రతి గుంపు వోల్టేజీనీ, వేడినీ గమనిస్తూ, ఏ ఒక్కటి హద్దు దాటినా కరెంటు ఆపేసే చిన్న సర్క్యూట్. బండి ముప్పై శాతం చూపిస్తూ ఉన్నట్టుండి ఆగిపోతే నేను ముందు అనుమానించేది బలహీనపడిన ఒక గుంపునే. లక్షణం ఇలా ఉంటుంది: సమతలంలో బాగానే పోతుంది, ఎత్తు రాగానే ఆగిపోతుంది, కాసేపు ఆగితే మళ్లీ లేస్తుంది. బరువు పడ్డప్పుడు ఆ గుంపు వోల్టేజీ కుంగుతోంది, విశ్రాంతి ఇస్తే తేరుకుంటోంది. మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు “కొత్త బ్యాటరీ ఎంత?” అని అడగకండి. “ఒక్కో గుంపు వోల్టేజీ చూసి చెప్పండి” అని అడగండి. పన్నెండు 3.7 దగ్గర ఉండి ఒకటి 3.1 దగ్గర ఉంటే దొంగ దొరికినట్టే. వారంటీ ఉంటే మాత్రం పెట్టె మూత ముట్టుకోకుండా కంపెనీకే పంపండి. ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టుకుని మీరే విప్పకండి. ఆ సెల్స్‌కు స్విచ్చి ఉండదు.

ఎత్తు అన్నాం కాబట్టి కొండ లెక్క ఒకటి చెప్పాలి, ఇది నాకు చాలా ఇష్టమైన లెక్క. “అన్నా, బ్యాటరీ సగానికి పడిపోయింది, తిరుమలకు వెళ్లేసరికే అయిపోతోంది” అంటారు. తిరుపతి నుంచి తిరుమలకు దాదాపు 700 మీటర్ల ఎత్తు. బండి 110 కిలోలు, ఇద్దరు మనుషులు కలిపి 130, మొత్తం 240 కిలోలు అనుకుందాం. ఆ బరువును అంత ఎత్తుకు లేపడానికే 450 వాట్ అవర్లు కావాలి. ఇది భౌతికశాస్త్రం, ఏ కంపెనీ బండి అయినా తగ్గించలేదు. దీనికి తోడు సుమారు 18 కిలోమీటర్ల రోడ్డు. సమతలంలో కిలోమీటరుకు 25 వాట్ అవర్ల చొప్పున వేసుకుంటే మరో 450. మొత్తం 900. అంటే ఆ 18 కిలోమీటర్లూ రేణిగుంట వైపు 36 కిలోమీటర్లు పోయినంత ఖర్చు. రెండు కిలోవాట్ అవర్ల బ్యాటరీలో ఇంచుమించు సగం. బ్యాటరీ పాడైందని బాధపడకండి, కొండ ఎక్కారు, అంతే.

దిగేటప్పుడు చాలా బళ్లలో మోటారే బ్రేకులా పనిచేసి కొంత కరెంటు వెనక్కి ఇస్తుంది. కానీ పైన వంద శాతం ఎక్కించుకుని దిగితే ఆ కరెంటు ఎక్కడికి పోవాలి? కంపార్టుమెంట్లన్నీ నిండే ఉన్నాయి కదా. బీఎంఎస్ గేటు మూసేస్తుంది, మోటారు బ్రేకు బలం తగ్గిపోతుంది. ఘాట్ మలుపుల్లో ఇది తెలియకపోతే ప్రమాదం. పైన ఛార్జ్ చేసుకున్నా కాస్త ఖాళీ ఉంచుకునే దిగండి, బ్రేకులు ముందే చూసుకోండి.

రేంజి తగ్గిందంటే బ్యాటరీని తిట్టేముందు టైర్లలో గాలి చూడండి. బండిని స్టాండు మీద ఎత్తి చక్రం తిప్పండి, బ్రేకు పట్టేస్తోందేమో తెలుస్తుంది. ఈ రెండూ చూడకుండానే కొత్త బ్యాటరీ ధర అడిగేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

ఛార్జ్ ఎక్కడం లేదా? ఎండలో నిలిపిన బండిని తెచ్చి వెంటనే పెట్టారేమో గుర్తు చేసుకోండి. లిథియం సెల్స్‌ను సాధారణంగా 45 డిగ్రీలు దాటితే ఛార్జ్ చేయకూడదు, అందుకే బీఎంఎస్ ఒప్పుకోదు. మన ఎండలకు అది మామూలే. నీడలో గంటసేపు చల్లారనివ్వండి. అప్పటికీ ఎక్కకపోతే వేరే ప్లగ్గులో చూడండి, తర్వాత ఛార్జర్ పిన్నులు నల్లబడ్డాయా, వదులయ్యాయా అని చూడండి. ఆ తర్వాతే వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ పని. కొన్ని ఛార్జర్లు బ్యాటరీ తగిలితే తప్ప వోల్టేజీ ఇవ్వవు, సున్నా చూపించగానే చెత్తలో వేయకండి.

ఛార్జర్ కొనేటప్పుడు మాత్రం చాలా జాగ్రత్త. “48 వోల్టుల ఛార్జర్ ఇవ్వండి” అని అడగడమే తప్పు. ఎన్‌ఎంసీ (నికెల్ మాంగనీస్ కోబాల్ట్) రకం పదమూడు గుంపుల బ్యాటరీ 54.6 వోల్టులకు నిండుతుంది. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం పదహారు గుంపులది 58.4కు నిండుతుంది. దుకాణంలో రెండింటినీ 48 అనే పిలుస్తారు. రెండో దాని ఛార్జర్ మొదటి దానికి తగిలిస్తే ఒక్కో గుంపు మీద దాదాపు 4.5 వోల్టులు పడే ప్రయత్నం జరుగుతుంది. అడ్డుకోవాల్సింది ఇక బీఎంఎస్ ఒక్కటే, అది కూడా చౌక రకమైతే మీ అదృష్టం. పాత ఛార్జర్ వెనుక రాసిన వోల్టులు, ఆంపియర్లు ఫోటో తీసుకుని వెళ్లండి.

ఎల్‌ఎఫ్‌పీ అన్నాను కాబట్టి ఇంకో మాట. దాని వోల్టేజీ మధ్యలో చాలాసేపు ఒకేలా ఉంటుంది, అందుకే శాతం అంచనా తప్పుతుంటుంది. అప్పుడప్పుడూ వందకు నింపితే లెక్క సరిపడుతుంది, గుంపులు కూడా సమానమవుతాయి. మీ బండి పుస్తకంలో ఎన్నాళ్లకోసారి అని ఉందో అదే పాటించండి.

నెమ్మదిగా వెళ్లే చౌక బళ్లలో ఇప్పటికీ లెడ్ యాసిడ్ బ్యాటరీలుంటాయి. వాటి ఫ్యాక్టరీ ఉన్న కరకంబాడి పక్కన ఉంటాం, మనకు అవి కొత్త కాదు. వాటి పద్ధతి పూర్తిగా వేరు: ఎప్పుడూ నిండుగా ఉంచాలి, వాడిన రోజే ఛార్జ్ చేయాలి, లేకపోతే పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. నేను ఇంతవరకు చెప్పిన ఇరవై, ఎనభై లెక్క వాటికి వర్తించదు.

సమయం అయిపోతోంది, మిగిలినవి గబగబా చెప్పేస్తాను. నెలల తరబడి ఊరెళుతుంటే సగం ఛార్జ్‌లో, నీడలో వదలండి. బీఎంఎస్ కూడా కొద్దికొద్దిగా కరెంటు తాగుతుంది కాబట్టి నడుమ ఎవరితోనైనా చూపించండి. పూర్తిగా చచ్చిన బ్యాటరీకి బయటి నుంచి నేరుగా కరెంటిచ్చి లేపుతామనే దుకాణాలున్నాయి. కరిగిన రాగి సంగతి చెప్పాను కదా, ఒప్పుకోకండి. నీళ్లలో మునిగిన బండిని ఛార్జింగ్ పెట్టకుండా సర్వీసుకు చేర్చండి. పెట్టె ఉబ్బినా, ఘాటు వాసన వచ్చినా, బుస్సుమన్న శబ్దం వచ్చినా మెయిన్ ఆపి మనుషుల్ని దూరం పంపి 101కి ఫోన్ చేయండి. మంటలు వస్తే మీరు దగ్గరికి వెళ్లకండి. దాన్ని చల్లార్చడానికి చాలా నీళ్లు కావాలి, అది ఫైరింజను పని. మెట్ల కింద, వాకిలికి అడ్డంగా ఛార్జింగ్ పెట్టకండి. బయటికి పోయే దారి అదే కదా.

2022లో బళ్లు తగలబడ్డాక ఏఐఎస్ 156 అనే బ్యాటరీ భద్రతా నిబంధనలను కఠినం చేశారు. కొత్త బ్యాటరీ కొంటే ఆ ధ్రువీకరణ ఉందా అని అడగండి. పాతది మున్సిపాలిటీ చెత్తబండిలో వేయకండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారులదే, అమ్మిన చోటే అప్పగించండి.

ప్రశ్నలు పంపేవాళ్లు బ్యాటరీ లేబుల్ మీది వోల్టులు, రకం, ఎంత శాతం దగ్గర ఆగింది, అప్పుడు ఎత్తులో ఉన్నారా సమతలంలోనా, ఈ నాలుగూ రాయండి. వచ్చే వీడియో ఛార్జర్ల మీద.