చిన్నప్పుడు ఏ బోరు నీళ్లు తాగారు?

హోస్ట్: నమస్కారం. బెంగళూరు నుంచి మాట్లాడుతున్నాం. నీటి పరీక్షలు నా పని, మేడమ్ ఊపిరితిత్తుల డాక్టరు. ఇవాళ్టి విషయం ఆర్సెనిక్. మన పాతవాళ్లు పాషాణం అనేది దీన్నే. మేడమ్, నీళ్లు పోయేది పొట్టలోకి కదా, దెబ్బ ఊపిరితిత్తులకెలా తగులుతుంది?

డాక్టర్: పేగుల్లోంచి రక్తంలోకి పోతుందండీ. కాలేయం దాని రూపం మార్చి మూత్రంలోకి తోసెయ్యాలని చూస్తుంది. ఈలోపు అది రక్తంతోపాటు ఒళ్లంతా తిరుగుతుంది. ఊపిరితిత్తుల గొట్టాల లోపలి పొరలో సీఎఫ్‌టీఆర్ అని ఒక ప్రోటీన్ ఉంటుంది. కఫం పల్చగా ఉండి పైకి జారాలంటే అది పనిచెయ్యాలి. ఆర్సెనిక్ తగిలితే కణాల్లో ఆ ప్రోటీన్ తగ్గిపోతుందని ప్రయోగశాలల్లో చూశారు. కఫం చిక్కబడి అక్కడే నిలిచిపోతే సూక్ష్మజీవులు చేరతాయి, గొట్టం గోడ వదులైపోతుంది. దాన్నే బ్రాంకియెక్టాసిస్ అంటాం. క్యాన్సర్ సంగతి వేరు. తాగునీటి ఆర్సెనిక్ వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది.

హోస్ట్: వాసన లేదు, రుచి లేదు, రంగు లేదు. మనిషికి తెలిసే దారే లేదు.

డాక్టర్: పైగా ఇది చాలా ఆలస్యంగా బయటపడుతుంది. చిలీలో ఆంటోఫగాస్టా అనే ఊరుంది. 1958లో ఆండీస్ కొండల నుంచి ఒక నది నీళ్లు ఊరికి తెచ్చారు. లీటరుకు సుమారు 860 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ ఉంది. మన ప్రమాణం 10. శుద్ధి ప్లాంటు వచ్చాకే, అంటే 1970 తర్వాతే తగ్గింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు మాత్రం 1990ల మొదట్లో పతాక స్థాయికి చేరాయి. నీళ్లు బాగుపడ్డ ఇరవై ఏళ్లకన్నమాట.

హోస్ట్: అప్పుడు పసిపిల్లలుగా ఉన్నవాళ్ల సంగతో?

డాక్టర్: ఆ కాలంలో పుట్టినవాళ్లు, అంటే తల్లి కడుపులోనూ చిన్నతనంలోనూ ఆ నీళ్లే తాగినవాళ్లలో, 30 నుంచి 49 ఏళ్ల మధ్య బ్రాంకియెక్టాసిస్ మరణాలు మిగతా చిలీ కంటే 46 రెట్లున్నాయి. మరణాల సంఖ్య చిన్నది కాబట్టి ఆ 46ని రాతి మీద గీతలా పట్టుకోకండి. ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు ఆరు రెట్లు. అందుకే "ఇప్పుడు ఏ నీళ్లు తాగుతున్నారు" అని అడిగితే చాలదు. "పదిహేనేళ్లొచ్చేదాకా ఏ ఊళ్లో, ఏ బోరు నీళ్లు తాగారు" అని అడగాలి. కేస్ షీటులో ఆ గడే ఉండదు.

హోస్ట్: బెంగళూరులో ఆ ప్రశ్న ఎవరిని అడగాలి?

డాక్టర్: పశ్చిమ బెంగాల్‌లో మాల్దా, ముర్షిదాబాద్, నదియా, బీహార్‌లో భోజ్‌పూర్ వైపు నుంచి భవనాల పనులకు వచ్చినవాళ్లను తప్పకుండా అడగాలి. గంగా మైదానంలో చేతిపంపు నీళ్లలో ఆర్సెనిక్ ఉన్న జిల్లాలవి. పశ్చిమ బెంగాల్‌లో ఈ జబ్బును 1983లోనే గుర్తించారు. ఇక మన శ్రోతల్లో రాయచూరు, యాదగిరి వైపువాళ్లు బోలెడుమంది. అక్కడ బంగారం ఉన్న రాళ్లలో ఆర్సెనోపైరైట్ అనే ఆర్సెనిక్ ఖనిజం ఉంటుంది. యాదగిరి జిల్లా కిరదళ్లి తండాలో బోరు నీళ్లతోనే చర్మం మీద లక్షణాలు బయటపడ్డాయి. రాయచూరు జిల్లా సింధనూరు వైపు వలస వచ్చి స్థిరపడ్డ క్యాంపు ఊళ్లలో కాలువ నీళ్లు తాగి పెరిగినవాళ్లు ఊరికే కంగారుపడొద్దు. మీది ఏ బోరో దాన్ని బట్టి ఉంటుంది.

హోస్ట్: చర్మం మీద అంటే ఎలా కనిపిస్తుంది?

డాక్టర్: ఛాతీ మీద, వీపు మీద వాన చినుకులు పడ్డట్టు తెల్లవీ నల్లవీ మచ్చలు. అరచేతుల్లో, అరికాళ్లలో బొడిపెల్లాంటి గట్టి చర్మం. మచ్చలు లేవని ఊపిరితిత్తులు బాగున్నట్టు కాదు. దగ్గుతో వస్తే చాలాచోట్ల టీబీ అనుకుంటారు. కఫం పరీక్షలో టీబీ పదేపదే లేదనే వస్తుంది, మందులు మాత్రం వాడిస్తూనే ఉంటారు. ఇక్కడే నాకు చిరాకు. సీటీ తీస్తే తెలిసిపోతుంది కదా. గొట్టమూ దాని పక్కనున్న రక్తనాళమూ దాదాపు ఒకే వెడల్పు ఉండాలి. గొట్టం సాగిపోతే ఆ జంట రాయి పొదిగిన ఉంగరంలా కనిపిస్తుంది.

హోస్ట్: గాలి ఊదించి చూసే పరీక్ష, స్పైరోమెట్రీ?

డాక్టర్: అందులో ఒక మోసం ఉంది. మొదటి సెకనులో ఊదిన గాలినీ మొత్తం ఊదిన గాలినీ పోల్చి నిష్పత్తి తీస్తాం. ఆర్సెనిక్‌లో రెండూ కలిసి తగ్గొచ్చు. అప్పుడు నిష్పత్తి బాగానే కనిపిస్తుంది, రిపోర్టులో నార్మల్ అని రాసేస్తారు. రెండు అంకెలనూ విడివిడిగా, వయసూ ఎత్తూ లెక్కలో పెట్టుకుని చూడాలి. పొగ తాగేవాళ్లకు ప్రమాదం ఇంకా ఎక్కువ.

హోస్ట్: మూత్ర పరీక్ష చేయిస్తే తెలుస్తుందా?

డాక్టర్: ఈ మధ్య నాలుగైదు రోజుల్లో తాగిందే తెలుస్తుంది, చిన్నప్పటిది కాదు. పరీక్షకు ముందు నాలుగు రోజులు చేపలూ రొయ్యలూ మానెయ్యాలి. వాటిలో హాని లేని రకం ఆర్సెనిక్ ఉంటుంది, అంకె పెంచేస్తుంది. సరే, నీళ్ల పరీక్ష సంగతి మీరు చెప్పండి.

హోస్ట్: ముందు టీడీఎస్ పెన్ను, అంటే నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతున్నాయో చూపించే పెన్ను, పక్కన పెట్టండి. మన అపార్ట్‌మెంట్లలో అదో జాతకచక్రం అయిపోయింది. బోరు నీళ్లలో టీడీఎస్ లీటరుకు 400 మిల్లీగ్రాములు అనుకోండి. లీటరుకు 50 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ అంటే 0.05 మిల్లీగ్రాములు. 400 పక్కన 0.05ని ఆ పెన్ను ఎక్కడ చూస్తుంది?

డాక్టర్: ల్యాబుకే పంపాలంటారు.

హోస్ట్: అవును. నీళ్లు సంపు నుంచి కాదు, బోరు దగ్గరే పట్టాలి. మోటారు పది నిమిషాలు నడిచాక పట్టండి. యాసిడ్ వేసిన బాటిల్ ల్యాబే ఇస్తుంది, దాన్ని కడగొద్దు. చాలామంది అలవాటుగా రెండుసార్లు తొలిచేస్తారు, యాసిడ్ కాస్తా మోరీలో పోతుంది. ఆ యాసిడ్ లేకపోతే నీళ్లలోని ఇనుము తుప్పులా అడుక్కి దిగుతుంది, ఆర్సెనిక్ దానికి అంటుకుని తనూ దిగుతుంది. పైనీళ్లు కొలిస్తే అంకె తక్కువొస్తుంది. రిపోర్టులో "గుర్తించలేదు" అని ఉంటే, ఎంత దాకా గుర్తించగలరో అడగండి. వాళ్ల పద్ధతి 0.05 మిల్లీగ్రాముల కంటే తక్కువ చూడలేకపోతే ఆ కాగితం దండగ. 0.01 కంటే కిందికి చూడగలగాలి.

డాక్టర్: నీళ్లు మరిగిస్తే పోతుందనేవాళ్లు చాలామంది.

హోస్ట్: పోదు. ఆవిరయ్యేది నీరే, మిగిలిన నీళ్లలో ఆర్సెనిక్ ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు, యూవీ కూడా దీనికి పనికిరావు. ఆర్‌ఓ పనికొస్తుంది, కాకపోతే లోతు బోర్లలో ఆర్సెనిక్ ఆర్సెనైట్ అనే రూపంలో ఉంటే దానికి విద్యుదావేశం ఉండదు, ఆర్‌ఓ పొరలోంచి కొంత జారిపోతుంది. ట్యాంకులో క్లోరిన్ వేస్తే అది ఆర్సెనేట్ అనే ఆవేశం ఉన్న రూపంలోకి మారుతుంది, అప్పుడు పొర బాగా ఆపుతుంది. ఆ క్లోరిన్ పొరను తినేస్తుంది కాబట్టి ముందు కార్బన్ ఫిల్టరు తప్పనిసరి.

డాక్టర్: ఇంట్లో ఆర్‌ఓ ఉన్నవాళ్లు నిశ్చింతగా ఉండొచ్చా?

హోస్ట్: ఒక చిన్న తిప్పుడు బిళ్ల ఉంటుంది, టీడీఎస్ కంట్రోలర్. రుచి కోసమని పొర దాటని నీళ్లను కొంచెం తెచ్చి శుద్ధి చేసిన నీళ్లలో కలుపుతుంది. నీళ్లలో ఆర్సెనిక్ ఉంటే ఆ దారి పూర్తిగా మూయించండి. ఆ తర్వాత కుళాయి నుంచి వచ్చే నీళ్లను మళ్లీ పరీక్ష చేయించండి. పొర పాతబడేకొద్దీ ఆపడం తగ్గుతుంది కాబట్టి ఏడాదికోసారైనా ఆ పరీక్ష ఉండాలి. రిజెక్ట్ నీళ్లు నేల తుడవడానికి పర్లేదు, వంటకూ కూరమడికీ వద్దు.

డాక్టర్: వంట అన్నారు కాబట్టి ఒక మాట. తాగడానికి ఆర్‌ఓ, ఎసరుకు కుళాయి నీళ్లు పెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి. అన్నం ఆ నీళ్లన్నీ పీల్చుకుంటుంది, పప్పూ అంతే.

హోస్ట్: నిజం. ఎసరూ ఆర్‌ఓ నీళ్లే పెట్టాలి. మంచి నీళ్లు ఎక్కువ పోసి గంజి వారిస్తే బియ్యంలో ముందే ఉన్న ఆర్సెనిక్ కూడా కొంత దిగిపోతుంది. ఎసరే ఆర్సెనిక్ నీళ్లయితే మాత్రం గంజి వార్చినా లాభం లేదు.

డాక్టర్: ఆ వార్చిన గంజి ఉప్పేసుకుని తాగేవాళ్లున్నారు, వద్దని చెప్పండి.

హోస్ట్: మీరే చెప్పేశారు.