గంట స్తంభం దగ్గర కొన్న పాత ఆప్టిప్లెక్స్: బాక్స్ చవకే, మరి డ్రైవర్లో?

నమస్కారమండీ. టేబుల్ మీద ఉన్నది డెల్ ఆప్టిప్లెక్స్ 7010 డెస్క్‌టాప్ కంప్యూటర్. ఎక్కడో ఆఫీసులో ఏళ్లకేళ్లు పనిచేసి, లాట్‌లో బయటపడి, మన విజయనగరం గంట స్తంభం దగ్గర సెకండ్‌హ్యాండ్ షాపుకి చేరింది. మూడో జనరేషన్ ఐ5, 8 జీబీ ర్యామ్. బాక్స్ గట్టిది, ఫ్యాన్ చప్పుడు లేదు. అది కాదు, అసలు చూడాల్సింది డ్రైవర్ల సంగతి, అంటే లోపలి భాగాల్ని విండోస్‌కి పరిచయం చేసే సాఫ్ట్‌వేర్ల సంగతి.

షాపాయన్ని అడిగితే "ఇంటర్నెట్‌లో బోల్డున్నాయి కదేటి మాస్టారూ" అన్నాడు. ఉన్నాయి. ఏ 7010కి అన్నదే పేచీ! డెల్ ఈ పేరుతో 2012లో ఒకటి తెచ్చింది, 2023లో 13వ జనరేషన్ ప్రాసెసర్‌తో ఇంకోటి తెచ్చింది. మోడల్ నంబర్ కొట్టి వెతికితే కొత్తదాని డ్రైవర్లు ఎదురొస్తాయి. అందుకే ఇదిగో ఈ స్టిక్కర్, సర్వీస్ ట్యాగ్, ఏడు క్యారెక్టర్లు. సపోర్ట్ సైట్‌లో ఇది కొట్టండి. స్టిక్కర్ చిరిగిపోయుంటే ఆన్ చేస్తూ ఎఫ్2 నొక్కండి, బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందొచ్చే సెట్టింగుల తెరలో కనబడుతుంది.

పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కోసం విండోస్ 7 కావాలని చాలామంది అడుగుతున్నారు కదా, వేసి చూపిస్తున్నా. భాగాల జాబితా చూపే డివైస్ మేనేజర్ చూడండి, ఈథర్నెట్ కంట్రోలర్ (నెట్ కేబుల్ చిప్) మీద పసుపు గుర్తు, అంటే డ్రైవర్ లేదని. నెట్ డ్రైవర్ దించాలంటే ముందు నెట్ ఉండాలి! విండోస్ 7 వచ్చింది 2009లో, ఈ నెట్‌వర్క్ చిప్ ఆ తర్వాత పుట్టింది. డిస్కులో ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆ పసుపు గుర్తు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్. వెన్ (తయారీ కంపెనీ) 8086 అంటే ఇంటెల్. డెవ్ (పరికరం) 1502 అంటే 82579ఎల్ఎం చిప్. పేరూ ఊరూ లేని కార్డుకైనా ఈ ఆధార్ నంబర్ ఉంటుంది. ఇంకో సిస్టమ్‌లో ఈ ఐడీని మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్‌లో వెతకండి. జిప్ లాంటి క్యాబ్ ఫైల్ వస్తుంది, దాన్ని విప్పి, అప్‌డేట్ డ్రైవర్ నొక్కి ఆ ఫోల్డర్ చూపిస్తే అయిపోయింది. పెన్‌డ్రైవ్ మాత్రం నల్ల పోర్టులోనే పెట్టండి. నీలం పోర్టులు యూఎస్‌బీ 3, విండోస్ 7లో వాటి డ్రైవర్ కూడా లేదు. పోర్టులు పోయాయని షాపాయనతో గొడవకి దిగేది ఇక్కడే.

"ఒక్క క్లిక్‌తో అన్ని డ్రైవర్లూ" అనే సాఫ్ట్‌వేర్ల జోలికి వెళ్లకండి. వెంట ఏమేం తెచ్చి వేస్తాయో చెప్పలేం. విండోస్ 7కి సపోర్ట్ 2020 జనవరితోనే పోయింది కాబట్టి బిల్లింగ్ సిస్టమ్‌ని నెట్‌కి దూరంగా ఉంచితే మేలు.

బిల్లింగ్ గొడవ లేనివాళ్లకి విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ చాలు. ఈ నెట్ చిప్ డ్రైవర్ కెర్నెల్‌లోనే, అంటే లినక్స్ మూలభాగంలోనే ఉంది, వెతుకులాటే లేదు. మింట్ లైవ్ పెన్‌డ్రైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) జేబులో వేసుకుని షాపుకెళ్లండి. డబ్బులిచ్చే ముందే బూట్ చేసి నెట్, సౌండ్, డిస్‌ప్లే చూసుకోండి. వద్దనే షాపులో కొనకండి.

అదే లాట్‌లో ఈ హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ప్రింటర్ కూడా తెచ్చాను. దీని తంతు వేరు. ఆపితే ఫర్మ్‌వేర్, అంటే తనని నడిపే లోపలి ప్రోగ్రామ్ మర్చిపోతుంది, ఆన్ చేసినప్పుడల్లా కంప్యూటరే మళ్లీ పంపాలి. విండోస్‌లో ఆ పని డ్రైవర్ చూసుకుంటుంది. లినక్స్‌లో హెచ్‌పీ ప్రింటర్ల సాఫ్ట్‌వేర్ హెచ్‌పీలిప్ వేసి, దానికి అదనంగా వచ్చే ప్లగిన్ కూడా వేయాలి. ప్లగిన్ లేకపోతే లైటు వెలుగుతుంది, కాగితం కదలదు. పోయిందనుకుని తూకానికి ఇచ్చేస్తుంటారు. నేనైతే అలాంటివే బేరమాడి తెచ్చుకుంటాను.